చెరకు వేరులోని గోడలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



నా వృత్తి గ్రామ లెక్కలు వ్రాయుట. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, పంట పేరు అను గడులలో నా దినములు గడచినవి. సాయంకాలములు మాత్రము ఈ గ్రంథాలయములో గడచినవి. అమరకోశమును గురువు లేకయే ఇచ్చట వల్లించితిని. వృక్షశాస్త్రమును మన పాఠశాల పిల్లలు చదివి విడిచిన పుస్తకములతో నారంభించి, తరువాత దొరికినదెల్ల చదివితిని. కార్యవర్గమువారు నన్ను ప్రాచీన సాహిత్యముపై మాటాడుమని కోరిరి. నేను చెరకు వేరును గూర్చి మాటాడ నిశ్చయించుకొంటిని. ఇందులకు అమరసింహుడే బాధ్యుడు.

అమరకోశములోని వనౌషధివర్గమున మామిడికి చెప్పిన పేర్లలో రసాలమొకటి. అదే వర్గములో, చాల శ్లోకముల తరువాత, చెరకునకును రసాలమనియే పేరు చెప్పబడినది. రసము గలది గనుక రసాలము. వ్యుత్పత్తిలో సందేహము లేదు. కాని రెండు రసాలములకును భేదము చూడుడు. మామిడి తన రసమును తానే విడుచును. రాయివంటి కాయ గడ్డిలో మాగవేసిన కొలది దినములకే మెత్తబడి, వ్రేలితో నొక్కిన లోపలి గుజ్జు కదలును. చెరకట్లు కాదు. ఇనుప గానుగలో పెట్టి నలిపిన గాని చుక్క రాలదు. నలిపిన పిదపను పిప్పి పిప్పిగానే మిగులును. మామిడిలో గోడలు కరగినవి, చెరకులో కరగలేదు. కరగించు సాధనము చెరకునకు లేదా? ఉన్నది. అది వేరులో నున్నది. దానికొక తాళమును ఉన్నది. నేటి నా ప్రసంగము ఆ తాళమును గూర్చియే.

మొదట గోడ యెట్టిదో చెప్పవలయును. మన శరీరములోని కణములకు గోడలు లేవు, పలుచని పొర మాత్రమే కలదు. మొక్కలోని ప్రతి కణమును ఒక గదివంటిది. మన పాతయిండ్ల మట్టిగోడను జ్ఞాపకము చేసికొనుడు. అందులో వెదురుబద్దలుండును, వాని నల్లిన త్రాళ్లుండును, సందులు నింపిన మట్టి యుండును. కణపు గోడలో బద్దల స్థానము సెల్యులోజుది. 1838లో ఫ్రాన్సు దేశీయుడు ఆన్సెల్మ్ పయెన్ దీనిని గుర్తించెను. ఇది గ్లూకోజు చక్కెర అణువులను వరుసగా గ్రుచ్చిన పొడవైన దండ. బద్దలను కలిపి కట్టు త్రాళ్లు హెమిసెల్యులోజులు. మెత్తిన మట్టి పెక్టిను. ఇదియు ఫ్రాన్సులోనే, 1825లో, ఆన్రీ బ్రకొనో వేరుపరచినది. జామపండ్లతో జెల్లీ చేయు గృహిణులకు పెక్టిను తెలియకపోవచ్చును గాని, ఆ రసమును ముద్దగా పేరుకొనజేయునది అదియే.

ఇందులో మనకు ముఖ్యమైనది ఉమ్మడి గోడ. ఇద్దరన్నదమ్ముల యిండ్ల నడుమ ఉమ్మడి గోడ యున్న ఎన్ని తగవులు వచ్చునో గ్రామ లెక్కలు వ్రాయువానికి వేరుగ చెప్పనక్కరలేదు. కణములకును అట్టి గోడ కలదు. పొరుగు కణములు రెంటినడుమ, రెంటిని అంటించి పట్టుకొన్న పలుచని పొరను మధ్యపటలిక యందురు. అది యించుమించుగా పెక్టినే. దానిని కరగించిన కణములు విడిపోవును. పండు మెత్తబడుటయు, ఆకు రాలుటయు, నువ్వుకాయ పగులుటయు, చెరకు వేరులో గాలిగదు లేర్పడుటయు అన్నియు ఈ ఉమ్మడి గోడతోనే ఆరంభమగును. కరగించు ఎంజైములలో ప్రధానమైనది పాలిగెలాక్చురొనేజు. పేరు పొడవుగా నున్నది గనుక ఇకపై పెక్టినుకోత యని వ్యవహరింతును. పెక్టిను దండలో పూస పూసకు నడుమనున్న ముడిని ఇది కోయును.

ఇక చెరకు వేరు. మన కోటగిరి, బోధను ప్రాంతపు నల్లరేగడి నీరు త్రాగిన పిమ్మట ఎంత బిగిసి యూపిరి సలుపనీయదో కాపువారికి తెలియును. మంజీరపై నిజాంసాగరు కట్టి కాలువ నీరు వచ్చినది మొదలు ఈ నేలలో రెండే పంటలు రాజ్యమేలినవి: చెరకు, వరి. రుద్రూరులోని ప్రాంతీయ పరిశోధనా స్థానము పేరులోనే చెరకును వరియు రెండును చేరియున్నవి. ఈ రెండు మొక్కల వేళ్లకును ఒక సామ్యము కలదు. వేరు కొననుండి పైకి పోవుకొలది, చర్మమునకును నడిబొడ్డునకును మధ్యనున్న మెత్తని కణములు కొన్ని విడిపోయి, చచ్చి, వాని స్థానమున పొడవైన ఖాళీగదు లేర్పడును. పైనుండి గాలి ఆ దారుల వెంట క్రిందికి దిగును. వాయుగత కణజాలమని దీని పేరు. బురదలో నిలిచిన వరికి ఇది ప్రాణాధారము. చెరకులో నీరు నిలువకున్నను ఈ గదులు ఏర్పడుచుండుట విశేషము.

మొక్క తనలోని జీవకణములను తానే చంపుకొని దారి చేసికొనుట సామాన్యమైన విషయము కాదు. ఏ వరుసలో కణములు పోవలయునో ఆ వరుసయే పోవలయును. ఒక వరుస తప్పి నడిబొడ్డులోని నీటిగొట్టములు కరగిన యెడల మొక్క యెండును. వెలుపలి చర్మము కరగిన యెడల బూజు ప్రవేశించును. కావున ఇచ్చట కోయుట కంటె, ఎచ్చట కోయరాదో తెలియుట ప్రధానము.

బ్రెజిలు దేశములో, సావొ పావ్లో విశ్వవిద్యాలయమునకు చెందిన మార్కొస్ బకరిజ్ అను ఆచార్యుని బృందము చెరకు వేరులోని ఈ గదులను చాల యేండ్లుగా శోధించినది. చెరకు పండించుటలో ప్రపంచమున బ్రెజిలుది ప్రథమస్థానము, మనది ద్వితీయము. కనుక వారి వేరును మన వేరును జ్ఞాతులనుకొనుడు. వారు వేరు కొననుండి అయిదు సెంటీమీటర్ల పొడవును తీసి, సెంటీమీటరు కొక్కటిగా అయిదు ముక్కలు చేసిరి. కొనవద్ద ముక్కలో కణములన్నియు నిండుగా నున్నవి. పైకి పోవుకొలది గదులు తెరచుకొన్నవి. అనగా ఒకే వేరులో ఈ కార్యముయొక్క ఆదిమధ్యాంతములు వరుసగా పరచి యున్నవి. సెల్యులోజు చాలవరకు నిలిచియుండగనే పెక్టినును, బీటా గ్లూకను అను మరియొక పదార్థమును తగ్గినట్లు 2017లో ప్రకటించిరి. గోడను పూర్తిగా కూల్చుట లేదు. బద్దలుంచి మట్టి తీయుచున్నది. మిగిలిన బద్దలే గాలిగదికి ప్రహరీగా నిలుచుచున్నవి.

ఇప్పుడు ఈ పనికి ఆజ్ఞ ఎచ్చటినుండి వచ్చుచున్నదను ప్రశ్న. దీనిని నా వృత్తి పరిభాషలో చెప్పెదను, మన్నింపుడు.

ప్రతి కణములోను ఆ మొక్కయొక్క సంపూర్ణ దస్తావేజు కలదు. ఆకులోను అదే, వేరులోను అదే. ఊరి దస్తావేజులన్నియు బీరువాలో నున్నను, ఒక రైతు నకలు కోరినప్పుడు అతని సర్వే నంబరు గల పుటనే తెరచి, చూచి వ్రాసి, ముద్రవేసి ఇత్తుము. అసలు పుస్తకము గది దాటదు. నకలు మాత్రమే బయటికి పోవును. కణములోను అంతే. డి.ఎన్.ఏ. కేంద్రకమును వీడదు. జన్యువనునది అందులో ఒక పుట. దాని నకలగు ఆర్.ఎన్.ఏ. వెలుపలికి వచ్చును, ఆ నకలును చదివి కణము ఎంజైమును తయారుచేయును. నకలు ఇయ్యనిచో ఎంజైము లేదు. ప్రతి పుటకును ముందొక అంచు కలదు. ప్రమోటరని దాని పేరు. అందు ఎంజైమును గూర్చిన వ్రాత యేమియు నుండదు. ఈ పుటకు నకలు ఎప్పుడియ్యవలెను, ఎన్ని యియ్యవలెను అను ఉత్తరువులు పడు స్థలమది. ఉత్తరువులు వేయునవి కొన్ని ప్రోటీనులు. వానిని పాఠ్యపుస్తకములు అనులేఖన కారకములనును. నేను అధికారులందును. కొందరధికారులు ఇమ్మని ముద్రవేయుదురు, కొందరు ఆపుమని వేయుదురు.

2019లో ఆ బ్రెజిలు బృందము ఫ్రాన్సువారి సహకారముతో వెలువరించిన వ్యాసము చెరకులోని అట్టి ఒక అధికారిని పట్టి చూపినది. వారు చెరకునకు పోషకములు కొరతపెట్టి, వేరులోని ముక్కలలో ఏ పుటలకు నకళ్లు హెచ్చుచున్నవో, తగ్గుచున్నవో పోల్చిరి. అందుండి రెండు జన్యువుల నేరిరి. ఒకటి పెక్టినుకోత జన్యువు, ఈపీజీ1. రెండవది రావ్1 అను అధికారి జన్యువు. ఈ అధికారి ఎథిలీను వాయువు సందేశమునకు బదులిచ్చు కుటుంబమునకు చెందినవాడు.

చెరకులో ఈ పని ఎంత కష్టమో ఒక మాట చెప్పవలెను. మన చెరకు ఒకే వంశపు మొక్క కాదు. తీపిచెరకునకును రెల్లుజాతి అడవిచెరకునకును సంకరము. కోయంబత్తూరులో 1912లో నెలకొల్పిన కేంద్రములో బార్బరు, టి. ఎస్. వెంకటరామన్ మహాశయులు ఈ సంకరమును సాధించి 1918లో కో 205 రకమును వెలువరించిరి. తీపి ఒకవైపునుండి, ఓర్పు మరియొక వైపునుండి వచ్చినది. కాని ఫలితముగా చెరకు కణములో నూటికి పైగా క్రోమోజోములు చేరినవి. ఒక్కొక్క పుటకు అనేక ప్రతులు. ప్రతికి ప్రతికి అక్షరభేదములు. తాళపత్ర పాఠాంతరములతో కుస్తీపట్టిన పండితులకు ఈ బాధ అర్థమగును. అందుచేత ఆ శాస్త్రజ్ఞులు ఈ రెండు జన్యువులకై 17 పెద్ద డి.ఎన్.ఏ. ఖండములను చదివి, జొన్న పాఠముతో పోల్చిచూచుకొనవలసి వచ్చెను. జొన్న చెరకునకు సమీపబంధువు. దాని పాఠము సరళము. ఒక చెరకు రకపు దస్తావేజు యించుమించు సమగ్రముగా ప్రకటితమైనది 2024లో మాత్రమే.

పిమ్మట పరీక్ష. పెక్టినుకోత పుటయొక్క అంచును మాత్రము తీసికొని, దానివెనుక ఆ పుటకు బదులు, కొలుచుటకు సులభమైన గ్లూకురొనిడేజు అను మరియొక ఎంజైము పుట నతికించి, పొగాకు ఆకులో ప్రవేశపెట్టిరి. అంచుపై ఉత్తరువు పడిన ఆ ఎంజైము క్రియ మారవలెను. రావ్1ను తోడుగా పంపినప్పుడు ఆ క్రియ తగ్గినది. అనగా రావ్1 ఆ అంచును పట్టుకొని ఆపుమని ముద్రవేయుచున్నది. చెరకు వేరులో ఎథిలీను మార్గమునకును పెక్టిను కరగుటకును మధ్య గల లంకెను ఇట్లు చూపుట ఇదియే ప్రథమమని వారు వ్రాసిరి. పొగాకు ఆకు చెరకు వేరు కాదని ఆక్షేపింపవచ్చును, ఆక్షేపణ న్యాయమే. అయినను అంచునకును అధికారికిని గల సంబంధము ముఖాముఖిగా రుజువైనది. నాకు తృప్తినిచ్చినది మరియొకటి. ఇంత ప్రమాదకరమైన కోత జన్యువు వద్ద కావలియున్నవాడు ఆపువాడు. కోయుమను అధికారులు వేరుగ నుందురు గాక. వారు వచ్చువరకు గుమ్మము మూసియుంచువాడొకడు కావలెను.

ఎథిలీను మాట వచ్చినది గనుక మొదటి రసాలము వద్దకు తిరిగి పోదము. 1901లో రష్యా శాస్త్రజ్ఞుడు నెల్యూబొవ్ దీపపు వాయువులోని ఎథిలీను బఠానీ మొలకలను వికృతము చేయుచున్నదని కనుగొనెను. 1934లో ఆంగ్లేయుడు గేన్ పండ్లు తామే ఎథిలీనును విడుచునని నిరూపించెను. మన అవ్వలు మామిడికాయలను వరిగడ్డిలో కప్పి, నడుమ ఒక పండును ఉంచుటలోని మర్మమిదియే. ఒక పండు విడిచిన వాయువు కప్పులో నిలిచి తక్కిన కాయలలో మగ్గుటకు ఉత్తరువులు పంపును. కొందరు వర్తకులు కాల్షియం కార్బైడు వేసి మాగవేయుదురు. దానినుండి వచ్చునది ఎథిలీను కాదు, ఎసిటిలీను. తోడుగా ఆర్సెనికు వంటి విషముల మాలిన్యమును రావచ్చును. మన దేశములో ఇది నిషిద్ధము. దానికి బదులు, గాలిలో పదిలక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండ ఎథిలీను వాయువును ఉపయోగింపవచ్చునని ఆహారభద్రతా సంస్థ 2016లో అనుమతించినది. సంతలో పండు కొనువారు ఈ భేదము నడిగి తెలిసికొనుట మంచిది.

సాహిత్యము విడిచితినని పెద్దలు కోపింపవలదు. ఋగ్వేదము ఏడవ మండలములోని మృత్యుంజయ మంత్రమును మనలో పెక్కురు నిత్యము జపింతురు. మృత్యుబంధమునుండి విడుదల కోరిన ఆ ఋషి ఎన్నుకొన్న ఉపమానము తొడిమనుండి వీడు దోసపండు. త్రెంచుట కాదు, కోయుట కాదు, వీడుట. పచ్చికాయను లాగిన నారు లేచి తీగ చీలును. పండినది చేయి తగిలినంతనే ఊడివచ్చి, తొడిమ చోట శుభ్రమైన గుంట మిగులును. నదీతీరపు ఇసుకలో ఖర్బూజ పండించువారు కోతకు గుర్తుగా చూచునది దీనినే. తొడిమ మొదట కొలది వరుసల కణములు ఈ పనికై ముందే ఏర్పడియుండును. లేతదనములో కాయనుండి ఆక్సిను అను రసాయనము దిగుచుండుటచేత ఆ కణములు కదలవు. ఆక్సిను తగ్గి ఎథిలీను హెచ్చినప్పుడు ఆ వరుసలలోనే పెక్టినుకోత, సెల్యులేజు జన్యువులకు నకళ్లు పుట్టును. ప్రక్క వరుసకు పుట్టవు. వేదఋషికి ఎంజైము తెలియునని నేననను. అట్లనువారితో నాకు పొత్తు లేదు. ఆయన చూపు సూటిగా నున్నదని మాత్రమే నా మనవి.

నువ్వుచేను కోసినవారికి దీని నష్టపక్షమును తెలియును. ఒక్క దినము ఆలస్యమైన కాయ పగిలి నువ్వులు నేలపాలగును. కాయ చీలుటను ఆవకు దూరబంధువగు అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో శోధించి, 2009లో రెండు పెక్టినుకోత జన్యువులు అందు పాల్గొనుచున్నవని చూపిరి. ఆ చీలికగీత కాయ అంచునకే పరిమితమై తక్కిన తొక్కపైకి ప్రాకకుండుటకును ఆపు అధికారి యొకడున్నాడు.

టమాటా కథ కొంచెము విపులముగా చెప్పవలెను. ధర పడిపోయిన దినమున బుట్టలకు బుట్టలు రోడ్డుప్రక్కన పారబోయుట మనము చూచినదే. రెండు వారములు మెత్తబడకుండ నిలిచిన యెడల ఆ రైతు మరియొక సంతకు పోగలడు. ఈ యాశతోనే అమెరికాలో కాల్జీన్ అను సంస్థ పెక్టినుకోత నకలునకు జతపడి దానిని పనికిరాకుండ చేయు ప్రతినకలును టమాటాలో చేర్చి, 1994లో ఫ్లేవర్ సేవర్ పేర విపణికి తెచ్చెను. జన్యుమార్పుతో విక్రయమునకు అనుమతి పొందిన మొదటి సంపూర్ణ ఆహారమదియే. కొలది యేండ్లకే అది అదృశ్యమైనది. ఖర్చులును ఇతర చిక్కులును ఉన్నవి. కాని శాస్త్రపరముగ చూచిన, పెక్టినుకోత ఒక్కటి తగ్గినంత మాత్రమున పండు గట్టిగా నిలువలేదు. గోడను కూల్చువారు పలువురుండగా ఒకని చేతి గునపమును లాగికొన్న ఏమి ప్రయోజనము? 2016లో ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞులు పెక్టేటు లయేజు అను మరియొక ఎంజైము జన్యువును అణచి మరింత గట్టిపండు సాధించిరి. మన ఢిల్లీలోని జాతీయ వృక్షజన్యు పరిశోధనా సంస్థలో ఆశిస్ దత్తా గారి బృందము 2010లో గోడలోని ప్రోటీనులకు తగిలియుండు చక్కెరలను సవరించు రెండు ఎంజైములను అణచి, టమాటా నిలువకాలమును సుమారు 30 దినములు పెంచిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్య రామేశ్వర శర్మ, ఆచార్య వై. శ్రీలక్ష్మి గార్ల బృందము టమాటా పక్వతలోని నియంత్రణలను గూర్చి శోధించినది. మన విద్యార్థులు ఈ దారి దూరమనుకొనవలదు. బస్సులో ఒక పూట ప్రయాణము.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించినది రిన్ అను టమాటా. దాని కాయ ఎంతకాలముంచినను ఎఱ్ఱబడదు, మెత్తబడదు. మగ్గుమని ఆజ్ఞ యిచ్చు ముఖ్యాధికారి పుట చెడిపోవుటచే ఇట్లైనదని 2002లో చెప్పిరి. అధికారి లేడు, పని ఆగినది; లెక్క సరిపోయినది. అయితే 2017లో జపాను శాస్త్రజ్ఞులు ఆ జన్యువును పూర్తిగా తొలగించి చూచిరి. ఆశ్చర్యము! కాయ కొంతవరకు మగ్గినది. అనగా అధికారి లేకపోవుట కాదు కారణము. చెడిన పుటనుండి పుట్టిన ప్రోటీను తానే పీఠముపై కూర్చుండి ఆపుమని ముద్రవేయుచున్నది. కచేరీలలో మసలినవారికి ఈ భేదము వివరింపనక్కరలేదు. కుర్చీ ఖాళీగానున్న పని ఏదో విధముగ కొంత జరుగును. అడ్డుపడువాడు కూర్చుండిన ఏమియు జరుగదు. పదునైదేండ్లు ప్రపంచమంతయు ఒక విధముగ చదివిన పుటను మరల చదివి సరిదిద్దిన ఆ శ్రద్ధకు నేను నమస్కరింతును.

ఇక ఇదంతయు కోటగిరి కెందులకు? బోధను శక్కరునగరులో 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారపు గానుగ 2015 డిసెంబరులో ఆగినది. ఆ పిమ్మట పంట పేరు గడిలో చెరకని వ్రాయవలసిన చోట్ల వరియని వ్రాయుట నా చేతికి అలవాటైనది. చెరకుబండ్ల వరుస పోయినది, వరిగడ్డి మంటల పొగ వచ్చినది. పిప్పియైనను గడ్డియైనను ఒకే పదార్థము: రసమో ధాన్యమో తీసికొన్న పిమ్మట మిగిలిన గోడలు. ఎండిన పిప్పిలో నూటికి సుమారు 40 పాళ్లు సెల్యులోజు, అనగా ముడిపడిన గ్లూకోజు చక్కెర. గానుగ పిండినది కణములోని తీపిని మాత్రమే. గోడలోని తీపి బాయిలరులో కాలిపోయెను. ఇప్పుడు పొలములో కాలిపోవుచున్నది.

ఈ గోడలనుండి ఇంధనము తీయు పని మన దేశములో ఆరంభమైనది. హర్యానాలోని పానిపట్టున 2022 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ సంస్థ కర్మాగారము ప్రారంభమైనది. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాలు చేయుట దాని ఉద్దేశము. ఇట్టి పనిలో చిక్కు గోడవద్దనే వచ్చును. వేడితోను ఆమ్లముతోను గోడను వదులు చేసి, తరువాత బూజునుండి తీసిన ఎంజైములు కలుపవలెను, ఖర్చంతయు ఇచ్చటనే. ఆ బూజులలో ప్రసిద్ధమైనది ట్రైకోడెర్మా రీసై. రెండవ ప్రపంచయుద్ధములో సాలమన్ దీవులందు అమెరికా సైన్యపు డేరాగుడ్డలను తినివేసినది అదియే. డేరాలు పోయినవి గాని శాస్త్రమునకు లాభించినది. ఆ బూజులోను ఒక ఆపు అధికారి కలడు: చుట్టును గ్లూకోజు సిద్ధముగ నున్నంతవరకు సెల్యులేజు పుటలకు నకలు ఇయ్యడు. వండిన అన్నముండగా పొయ్యి వెలిగింపనట్లు.

బకరిజ్ బృందము చెరకు వేరును చూచుటలోని ఉద్దేశము దీనికి సంబంధించినదే. ఆమ్లము లేక, వేడి లేక, చెరకు తన వేరులో తన గోడను తానే వదులు చేసికొనుచున్నది. ఆ ఆజ్ఞలక్రమము తెలిసిన, కోతకు వచ్చిన కాండములోను పెక్టిను కొంత వదులగునట్లు చేయవచ్చునా అని వారి యాలోచన. చేయవచ్చును గాక, కాని సమయము తప్పిన ఏమగునో రైతు ఊహింపగలడు. ఆరవ నెలలోనే గోడలు వదులైన చెరకు గాలికి పడిపోవును. నరికిన మొదళ్లనుండి మరల చిగిర్చి రావలసిన రెండవ పంట కుళ్లిపోవును. పురుగునకును తెగులునకును తలుపు తెరచినట్లగును. తెగులు శిలీంధ్రములు తాము స్వయముగా పెక్టినుకోతను తెచ్చుకొని గోడలు త్రవ్వునవి. మనము వానికి సాయపడరాదు. కావున కోయు జన్యువును చెరకులో హెచ్చించుట సులభమైన బుద్ధి. ఆపు అధికారిని ఎప్పుడు, ఏ కణములో లేపవలెనో తెలిసికొనుట అసలు పని. ఆ పని యింకను సాగుచున్నది. జన్యుశాస్త్రము వచ్చి మన గానుగను తిప్పునని చెప్పువారిని నమ్మవలదు. గానుగ తిరుగుట వేరు లెక్క. దానికి పెట్టుబడి, ధర, బకాయిల గడులు వేరుగ నున్నవి. కాని పిప్పియు గడ్డియు బూడిద కాదగినవే యను మాటను కూడ నేనంగీకరింపను.

విద్యార్థులకు ఒక మాట. మన ఊరిలో ఇప్పటికిని ఎవరి పెరటిలోనో నాలుగు చెరకుగడలుండును. వరిపొలమునకు కొరత లేదు. చెరకు ముచ్చెను నీటితో తడిపిన ఇసుకలో పాతుడు. కొలది వారములకు తెల్లని వేళ్లు వచ్చును. ఒక వేరును కడిగి, కొననుండి అయిదు సెంటీమీటర్లు కొలిచి, కొత్త బ్లేడుతో పెద్దలు దగ్గర నుండగా అడ్డముగా పలుచని బిళ్లలు కోయుడు. కొనవద్ద నొక్కటి, మధ్య నొక్కటి, పై నొక్కటి. మూటిని గాజుపలకపై నీటిబొట్టులో నుంచి, పాఠశాల సూక్ష్మదర్శిని క్రింద వరుసగా చూడుడు. మొదటి బిళ్లలో గదులన్నియు నిండియుండును. మూడవదానిలో నడిబొడ్డు చుట్టును బండిచక్రపు ఆకుల నడిమి ఖాళీలవలె రంధ్రములు కనబడును. రెండవదానిని మాత్రము తొందరపడక చాలసేపు చూడుడు; కణములు అప్పుడే విడివడుట ఆరంభించు చోటు అందులో నెచ్చటనో ఉండును. బొమ్మ గీచి గ్రంథాలయమునకు తెచ్చినవారికి, ఆ బొమ్మలను ఈ గోడపై నంటించుటకు కార్యదర్శిగారు అంగీకరించిరి. సెలవు.